14 బ్లాకులు, ఒక టైపుమిషను

తాము మురికివాడలో బతుకుతున్నామన్న సంగతి హడ్సన్ వీధి జనానికి పేపరు చూశాకే తెలిసింది.

1961 ఫిబ్రవరి. న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన వార్త చూడ్డానికి చప్పగానే ఉంది. నగరంలో శిథిలమవుతున్న కొన్ని ప్రాంతాలను పునర్నిర్మించే ఆలోచన ఉంది, ముందుగా సర్వే జరగాలి, సర్వేకి డబ్బు మంజూరు కావాలి. ఆ ప్రాంతాల జాబితాలో గ్రీనిచ్ విలేజ్ పడమటి అంచున, నది రేవుల వైపున్న 14 బ్లాకులు కూడా ఉన్నాయి. ఇళ్ళు కొట్టేస్తామని వార్తలో ఎక్కడా లేదు. అలా ఏ ప్రభుత్వమూ మొదటి రోజే చెప్పదు కదా.

ఆ 14 బ్లాకుల్లోనే హడ్సన్ వీధి 555 నంబరు ఇల్లుంది. ఒకప్పుడు కింద మిఠాయి కొట్టు నడిచిన పాత ఇల్లు. 1947లో 7 వేల డాలర్లు పెట్టి జేన్ జేకబ్స్, ఆమె భర్త రాబర్ట్ కొనుక్కుని బాగుచేసుకున్నారు. ఆయన ఆర్కిటెక్టు. ఆమె 'ఆర్కిటెక్చరల్ ఫోరమ్' పత్రికలో పనిచేసేవారు. ముగ్గురు పిల్లలు. ప్లానర్లు నగరాలకు చేస్తున్న చేటు గురించి ఆమె ఒక పుస్తకం రాసి, రాతప్రతిని ప్రచురణకర్త చేతిలో పెట్టి కొన్ని వారాలే అయింది. కాస్త ఊపిరి తీసుకుందామనుకునే వేళకి, ఏ ప్లానర్ల గురించి రాశారో వాళ్ళే ఆమె వాకిట్లో నిలబడ్డారు.

వార్తలోని 'సర్వే' అనే మాట వెనక ఏముందో అర్థం కావాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. 1949 నాటి కేంద్ర గృహనిర్మాణ చట్టం ప్రకారం ఒక ప్రాంతాన్ని శిథిల ప్రాంతంగా ప్రకటిస్తే నగరపాలక సంస్థ అక్కడి ఇళ్ళనూ కొట్లనూ బలవంతంగానైనా సేకరించవచ్చు. ఆ నేలను చదును చేసి, తక్కువ ధరకు ప్రైవేటు బిల్డరుకు ఇవ్వవచ్చు. వచ్చిన నష్టంలో మూడింట రెండు వంతులు వాషింగ్టన్ భరిస్తుంది. అంటే నగరానికి ఖర్చు తక్కువ, బిల్డరుకు నేల చవక. మిగిలిన భారమంతా అక్కడ కాపురముండేవాళ్ళ మీదే. ఈ బండికి తాళంచెవి సిటీ ప్లానింగ్ కమిషన్ చేతిలో ఉండేది. అది 'శిథిలం' అని ముద్ర వేయాలి. డబ్బు సంగతి తేల్చేది బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్. మేయరు, కంప్ట్రోలరు, సిటీ కౌన్సిల్ అధ్యక్షుడు, ఐదు బరోల అధ్యక్షులు కూర్చునే ఆ బోర్డుకి నగరంలో తిరుగులేదు.

సర్వే అన్న మాట బయటికి వచ్చిందంటే చాలు, బ్యాంకులు అప్పివ్వవు. యజమాని పైకప్పు బాగు చేయించడు. అద్దెకున్నవాళ్ళు వేరే ఇల్లు వెతుక్కుంటారు. రెండేళ్ళకు ఆ వీధి నిజంగానే పాడుబడుతుంది. మేకపిల్లను ఎత్తుకెళుతున్న బ్రాహ్మణుడికి ముగ్గురు దొంగలు వేరువేరు మలుపుల్లో ఎదురై అది కుక్కపిల్ల అని నమ్మించిన పంచతంత్రం కథ మనకు తెలుసు. ఇక్కడ ఆ మలుపుల్లో నిలబడ్డవి సర్వే, విచారణ, తీర్మానం.

వెస్ట్ విలేజ్ మేకను వదల్లేదు.

రెండు మూడు రోజుల్లోనే ఇరుగుపొరుగు ఒకచోట చేరారు. 'వెస్ట్ విలేజ్ పరిరక్షణ కమిటీ' పుట్టింది. లయన్స్ హెడ్ అనే కాఫీ హోటలు దానికి కార్యాలయమైంది. ఆ పేటలో రేవు కూలీలు, లారీ డ్రైవర్లు, ఐరిష్, ఇటాలియన్, ప్యూర్టోరికన్ కుటుంబాలు, బొమ్మలు వేసేవాళ్ళు, రాసుకునేవాళ్ళు కలిసి ఉండేవారు. ఒకరి పొద్దు ఇంకొకరికి పొసగని జనం. వీళ్ళంతా మొదట అడిగింది చాలా చిన్న విషయం. సర్వే డబ్బుపై నిర్ణయం ఒక్క నెల వాయిదా వేయండి అన్నారు. బోర్డు సరేనంది. నెల రోజుల్లో వీళ్ళేం చేయగలరులే అనుకుని ఉంటారు.

ఆ నెల రోజుల్లో వీళ్ళే సర్వే చేసేశారు. ఇల్లిల్లూ తిరిగి ఎంతమంది ఉంటున్నారు, అద్దె ఎంత, ఇల్లు ఎలా ఉంది, ఏ అంతస్తులో ఏ పని జరుగుతోంది అని రాసుకున్నారు. నగరం 'శిథిలం' అనబోతున్న ఇళ్ళు బయటికి మాసిపోయి కనిపించినా, లోపల గోడలకు సున్నాలు వేసుకుని, కుళాయిలు బాగుచేసుకుని కాపురాలు చేసుకుంటున్నారని తేలింది. నివాసాల పక్కనే చిన్న కర్మాగారాలు, గోదాములు, అచ్చాఫీసులు. ప్లానర్ల పుస్తకంలో ఈ కలగాపులగమే రోగలక్షణం. జేన్ రాతప్రతిలో అదే ఆరోగ్యం.

ఈ కథలో నన్ను పట్టి ఆపేది మాత్రం సర్వే కాదు, ఒక అధికారి చెప్పిన సలహా. లెస్టర్ ఐస్నర్ అనే ఆయన కేంద్ర గృహనిర్మాణ శాఖకు న్యూయార్క్ ప్రాంతంలో బాధ్యుడు. ఈ పథకాలకు డబ్బులిచ్చే వైపు మనిషే. ఆయన ఈ కమిటీకి చెప్పిన మాట సారాంశం ఇది: మీకేం కావాలో ఎవరడిగినా చెప్పకండి. ఏం వద్దో మాత్రమే చెప్పండి. ఎందుకంటే 1954 తర్వాతి నిబంధనల ప్రకారం పునర్నిర్మాణ పథకానికి పౌరుల భాగస్వామ్యం ఉండితీరాలి. ఎవరో ఒకరు లేచి "మా సందులో నాలుగు చెట్లు నాటండి" అన్నా అది రికార్డుకెక్కుతుంది. పౌరులు సూచనలిచ్చారు, పాలుపంచుకున్నారు అని ఫైల్లో రాసుకుంటారు. అక్కడితో షరతు తీరిపోయినట్టే. చెట్లు నాటుతారో లేదో గానీ ఇళ్ళు మాత్రం పోతాయి.

ఈ సలహా పాటించడం ఎంత కష్టమో ఊహించండి. విచారణలో ఒక పెద్దమనిషి మర్యాదగా అడుగుతాడు: సరే, ఇది వద్దంటున్నారు, మరి మీకేం కావాలి? సభ్యత ఉన్న ఎవరికైనా జవాబు చెప్పాలనిపిస్తుంది. ఊరికే వద్దు వద్దంటే మూర్ఖుల్లా కనిపిస్తామని భయం వేస్తుంది. వెస్ట్ విలేజ్ జనం ఆ భయాన్ని దిగమింగారు. ముందు మా పేట మీద పెట్టిన ఆ పేరు తీసేయండి, మిగతా మాటలు తర్వాత అన్నారు. నెలల తరబడి అదే పాట. మన పట్టణాల్లో మాస్టర్ ప్లాన్ ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలు, సూచనలు రెండూ ఒకే నోటీసులో ఆహ్వానిస్తారు. ఆ రెండిటినీ విడదీసి, మొదటిదే ఇచ్చి రెండోదాన్ని బిగబట్టుకోవచ్చని నాకు ఈ కథ చదివేదాకా తట్టలేదు. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయని రోడ్డెక్కినప్పుడు అధికారులు చెప్పిన మాట కూడా ఇది ముసాయిదా మాత్రమే అనే. రైతులు ఆ మాటకు చల్లబడలేదు. ఆ నెలలోనే మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది.

వద్దు అనే మాటనే చూపించడానికి విలేజ్ వాళ్ళు ఒక వేషం కూడా కట్టారు. న్యూయార్క్‌లో అప్పట్లో కూల్చబోయే ఇళ్ళ కిటికీల మీద తెల్లగా ఇంటూ గుర్తు వేసేవారు. వీళ్ళు నల్ల కళ్ళద్దాల మీద తెల్లటి టేపుతో అదే గుర్తు అతికించుకుని సిటీ హాలుకు వెళ్ళారు. వరసగా కూర్చున్న మనుషులే కూల్చడానికి ముద్రపడ్డ ఇళ్ళలా కనిపించారు. ఫొటోగ్రాఫర్లకు అంతకంటే ఏం కావాలి?

కమిషన్ అధ్యక్షుడు జేమ్స్ ఫెల్ట్‌ను ఈ కథలో విలన్‌ని చేయడం తేలిక, కానీ న్యాయం కాదు. ఆయన రియల్ ఎస్టేట్ రంగం నుంచి వచ్చినవాడే. అయినా నగరంలో మురికివాడల కూల్చివేతను ఏళ్ళ తరబడి నడిపిన రాబర్ట్ మోజెస్ తరహాలో అడ్డదిడ్డంగా బుల్డోజర్ నడపడం ఆయనకు పడదు. కొత్త జోనింగ్ నిబంధనలను పట్టుదలతో నెగ్గించుకున్నది ఆయనే. కొట్టేయడమొక్కటే దారి కాదు, ఉన్నవి బాగుచేయనూవచ్చని నమ్మినవాడు. తనది మంచి ఉద్దేశమని ఆయనకు తెలుసు. అది జనం ఎందుకు నమ్మరో మాత్రం ఆయనకు అర్థం కాలేదు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. సెప్టెంబరులో డెమోక్రటిక్ పార్టీ ప్రైమరీ, నవంబరులో మేయరు ఎన్నిక. ప్రైమరీ ముంగిట మేయరు రాబర్ట్ వాగ్నర్ వెస్ట్ విలేజ్ ప్రతిపాదన మానుకోమని చెబుతానన్నారు. ఓట్ల ముందు మేయర్లకు వినికిడి పెరుగుతుంది, అది ఏ దేశంలోనైనా ఉన్నదే. కానీ ప్లానింగ్ కమిషన్‌కి ఓట్లతో పనిలేదు.

అక్టోబరు 18, బుధవారం. సిటీ హాల్లో కమిషన్ సమావేశం. విలేజ్ వాళ్ళు వచ్చి కూర్చున్నారు. మేయరు మాట ఇచ్చాడు కాబట్టి పథకం పోయిందనే వార్త వింటామన్న ఆశ వాళ్ళలో ఉండే ఉంటుంది. కమిషన్ నిర్ణయం చదివింది: ఆ 14 బ్లాకులు శిథిల ప్రాంతమే, పునర్నిర్మాణానికి తగినవే.

జనం ఒక్కసారిగా లేచారు. కొందరు వేదిక వైపు దూసుకెళ్ళారు. బిల్డరుతో ముందే బేరం కుదిరిందని కేకలు. ఫెల్ట్ సుత్తి కొడుతూనే ఉన్నాడు, ఎవరికీ వినపడలేదు. పోలీసుల్ని పిలిపించి, కమిషనర్లు సభ వదిలి లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చేసరికి హాలు నిండా పోలీసులు, అయినా అరుపులు ఆగలేదు. కొందరిని మోసుకెళ్ళి బయట వదిలారు. ఇన్నాళ్ళూ మర్యాదగా నడుచుకున్నందుకు దక్కింది ఇదా అన్నది ఆ రోజు జేన్ మాటల భావం.

ఆ రోజుతో ఆగి ఉంటే పత్రికలు వీళ్ళను అల్లరిమూకగా రాసి వదిలేసేవి. మర్నాడు జేన్ విలేకరుల్ని పిలిచి కాగితాలు ముందు పెట్టారు. పథకం కావాలంటూ పేటవాసుల సంఘం ఒకదాని పేరుతో నగరానికి అర్జీలు వెళ్ళాయి. నగరం వాటిని చూపించే, చూశారా, జనంలోనూ మద్దతు ఉంది అంటూ వస్తోంది. మరోవైపు ఒక నిర్మాణ సంస్థ తరఫు నుంచి వచ్చిన ఉత్తరాలున్నాయి. రెండిటినీ పక్కపక్కన పెట్టి అక్షరాల అచ్చులో ఉన్న లోపాలు పోల్చి చూడండి, రెండూ ఒకే టైపుమిషను మీద కొట్టినవి అన్నారామె. సంఘం పేటది, టైపుమిషను బిల్డరుది. ఇంకా సర్వేనే మొదలుకాని చోట బిల్డరు ఎవరో ఎలా తేలిపోయిందన్నది ఆమె ప్రశ్న. అలాంటి ఒప్పందమేదీ లేదని అధికారులు అన్నారు. కానీ ఆ మాట నమ్మే స్థితిలో నగరం లేదు.

గమనిస్తే ఇది ఐస్నర్ సలహాకు రెండో సగం. మొదటి సగంలో వీళ్ళు తమ గొంతు రికార్డుకు సమ్మతిగా ఎక్కకుండా కాపాడుకున్నారు. రెండో సగంలో, రికార్డుకెక్కిన సమ్మతి ఎవరి గొంతో బయటపెట్టారు. కేకలు ఫొటోలకు పనికొచ్చాయి. ఫైలును మాత్రం ఫైలే ఓడించింది.

ఆ తర్వాత కథ త్వరగానే నడిచింది. వాగ్నర్ నవంబరులో గెలిచారు. పథకానికి ఇక ఎవరూ పూచీ పడలేదు. 1962 జనవరి 31న, మళ్ళీ ఒక బుధవారం, కమిషన్ ఆ 14 బ్లాకుల మీది ముద్రను తానే చెరిపేసింది. ఈలోగా జేన్ పుస్తకం అచ్చయి బయటికొచ్చింది. దాని పేరు 'అమెరికన్ మహానగరాల చావు బతుకులు' అని చెప్పుకోవచ్చు. 1970ల నడుమ న్యూయార్క్ తన చార్టర్ మార్చుకుని, నేల వినియోగం మీద వచ్చే ముఖ్యమైన ప్రతిపాదనలు మొదట పేట బోర్డు ముందుకు వెళ్ళాలని నియమం పెట్టుకుంది. అన్నిటికీ పైన కూర్చున్న బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ ఏర్పాటు రాజ్యాంగానికి విరుద్ధమని 1989లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దాని పనిలో పెద్ద వాటా ఇప్పుడు సిటీ కౌన్సిల్, దాని భూవినియోగ కమిటీ చేస్తున్నాయి.

ముద్ర చెరిగాక అప్పుడు, అప్పుడే, వెస్ట్ విలేజ్ నోరు విప్పి తనకేం కావాలో చెప్పింది. పాత ఎత్తు రైలుకట్ట తీసేశాక వాషింగ్టన్ వీధి పొడవునా ఖాళీ స్థలాలు మిగిలాయి. వాటిలో ఐదంతస్తుల చిన్న ఇళ్ళు కడదాం, ఉన్నవాళ్ళలో ఒక్కరినీ కదిలించకుండా కడదాం అన్నారు. ఆర్కిటెక్టుల్ని వాళ్ళే పెట్టుకుని 1963లో నమూనా చూపించారు. అధికారులకు అది నచ్చలేదు. లిఫ్టు లేదు, ఎత్తు చాలదు, ఇలాంటివి ఎవరు కడతారు అన్నారు. 14 బ్లాకులను ఎనిమిది నెలల్లో శిథిలమని తేల్చిన నగరానికి, 420 అపార్ట్‌మెంట్లకు అనుమతిచ్చి కట్టి తెరిచేసరికి పదేళ్ళు దాటింది. ఈలోపు ధరలు పెరిగి, నమూనాలోని ముచ్చట్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. బోసిగా, మొండిగా తేలిన ఆ ఇటుక భవనాలను చూసి వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. నాకు తెలిసినంతలో విలేజ్ గెలుపులో ఇదే చేదైన భాగం. ఇంకొకటి కూడా ఉంది. వీళ్ళు కాపాడుకున్న పాత ఇళ్ళు ఈరోజు న్యూయార్క్‌లోకెల్లా ఖరీదైనవాటిలో చేరాయి. ఆ రోజు నల్లద్దాలు పెట్టుకున్న రేవు కూలీ మనవడు అక్కడ అద్దెకు దిగాలంటే జీతం చాలదు. బుల్డోజర్‌ని ఆపే విద్య ఆ కమిటీకి వచ్చింది గానీ, అద్దెను ఆపే విద్య రాలేదు. ఆ మాటకొస్తే ఏ కమిటీకీ వచ్చినట్టు లేదు.

ఆ కొత్త ఇళ్ళలోకి మొదటి కుటుంబాలు దిగేనాటికి జేన్ న్యూయార్క్‌లో లేరు. వియత్నాం యుద్ధానికి కొడుకుల్ని పంపడం ఇష్టం లేక 1968లో కుటుంబమంతా కెనడాకు, టొరంటోకు వెళ్ళిపోయింది. స్పాడైనా రోడ్డులో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. సామాన్లు సర్దుకుంటుండగానే తెలిసింది, ఆ దారినే ఒక ఎక్స్‌ప్రెస్‌వే రాబోతోందని. దాన్ని ఆపడానికి పుట్టిన కమిటీలో ఆమె చేరారు. 1971 జూన్‌లో ఒంటారియో ప్రభుత్వం ఆ రోడ్డును ఆపేసింది.