ఉమ్మనీరు, ఒక సూది

మా అమ్మ పత్తి తీతకు వెళ్లే రోజుల్లో, నెలలకు మించి పొట్ట పెరిగితే "కవలలే తల్లీ" అనేవారు. కవలలు కాకపోతే పొట్టలో అంత ఉమ్మనీరు ఎందుకో చెప్పేవాళ్లుండేవారు కాదు. నర్సునయ్యాక చిలకలూరిపేట పల్లెల్లో అలాంటి పొట్టలెన్నో చేత్తో తడిమి చూశాను. చర్మం డోలులా బిగిసి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని తల్లులు.

1883లో మా గుంటూరు వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. ఎక్కువైన నీటిని సూదితో తీసి తల్లికి ఊరటనివ్వడం యూరప్‌లో అప్పటికే మొదలైంది. ఆ సూదే తర్వాత పరీక్ష అయింది. 1956లో డెన్మార్క్ వైద్యులు ఫుక్స్, రీస్ ఉమ్మనీటి కణాల్లో ఆడా మగా గుర్తించారు. 1966కల్లా క్రోమోజోములూ చూడగలిగారు.

కడుపులో ఆడపిల్ల అని తెలిస్తే తీయించేసుకోవడంతో, మన దేశంలో ఆ సూది ఆడపిల్లల పాలిట శాపమైంది. అందుకే 1994 చట్టం వచ్చింది. అది ఆపింది లింగం చెప్పడాన్ని, జబ్బు కోసం చేసే జన్యు పరీక్షను కాదు. ఈ తేడా తెలియక "టెస్టంటే కేసవుతుంది" అని వెనుదిరిగిన మిరప రైతు కుటుంబాన్ని చూశాను. ఇప్పటికీ బాధే.

నీరు ఎక్కువైతే బిడ్డకు లోపమున్నట్టే కాదు. తల్లికి చక్కెర కావచ్చు, బిడ్డ మింగలేకపోవడం కావచ్చు, చాలాసార్లు కారణమే కనబడదు. చక్కెర పరీక్ష, వివరమైన స్కాన్ ముందు. లోపం కనబడితేనో, నీరు మరీ ఎక్కువైతేనో సూది మాట.

మీది మేనరికమైతే, ఇంట్లో బిడ్డలు పోయి ఉంటే, దాచకండి. ఏ పరీక్ష కావాలో తేల్చడానికి డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.