లేజర్‌తో కళ్లజోడుకు స్వస్తి.. ముందు పరీక్షలే కీలకం

పరిగి: కళ్లజోడు బెడద తీరుతుందని లేజర్ చికిత్స (లాసిక్) వైపు మొగ్గే పరిగి, తాండూరు, వికారాబాద్ యువతకు హైదరాబాదే దిక్కు. కొద్ది నిమిషాల్లో ముగిసే చికిత్సే అయినా, అది తమ కంటికి సరిపడుతుందో లేదో ముందే తేల్చుకోవడం అవసరం.

లాసిక్‌లో నల్లగుడ్డుపై ఉండే కార్నియాను పలుచని మూతలా తెరిచి, దిగువ భాగాన్ని లేజర్‌తో చెక్కి మూసివేస్తారు. కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. చెక్కాక అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది వైద్యులు పాటించే ప్రమాణం. కార్నియా పలుచగా ఉన్నా, శంఖాకారంగా మారే 'కెరటోకోనస్' ఛాయలున్నా చికిత్స అనంతరం, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, అది ముందుకు ఉబ్బి చూపు దెబ్బతినవచ్చు. అరుదే అయినా ఇదే పెద్ద ముప్పు. కార్నియా మందం, ఆకృతి కొలవకుండానే చికిత్స తేదీ ఖరారు చేస్తే అంగీకరించరాదు. సందేహముంటే సరోజినీదేవి కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల మరో అభిప్రాయం తీసుకోవచ్చు.

వయసు 18 నిండి, కనీసం ఏడాదిగా అద్దాల పవర్ మారకుండా ఉండాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. మధుమేహం అదుపులో లేనివారికి సాధారణంగా సిఫార్సు చేయరు. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు పరీక్షలకు ముందు వైద్యులు చెప్పినన్ని రోజులు వాటిని మానాలి.

కళ్లు పొడిబారడం, రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనిపించడం తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు. చాలామందిలో కొన్ని నెలలకు తగ్గినా, కొందరిలో మిగిలిపోతాయి. బీజాపూర్ రహదారిపై రాత్రివేళ వాహనాలు నడిపే డ్రైవర్లు దీన్ని తేలిగ్గా తీసుకోరాదు.

చికిత్స తర్వాత కళ్లు నలపకూడదు, నీరు పడనీయకూడదు. బావులు, చెరువుల్లో ఈతకు వైద్యులు అనుమతించే వరకు ఆగాలి. తెరిచిన పొర గట్టి దెబ్బ తగిలితే ఏళ్ల తర్వాతా జరగవచ్చు. కంది నూర్పిళ్ల దుమ్ములో పనిచేసే రైతులు రక్షణ అద్దాలు ధరించాలి. నొప్పి, ఎర్రదనం, మసక కనిపిస్తే మందుల దుకాణంలో చుక్కలు కొనకుండా ఆ రోజే వైద్యుని కలవాలి. స్టెరాయిడ్ చుక్కలు ఇష్టానుసారం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదముంది.

పోలీసు, సైనిక కొలువులకు సిద్ధమయ్యే అభ్యర్థులు ముందు నోటిఫికేషన్‌ను క్షుణ్ణంగా చదవాలి. లాసిక్ చేయించుకున్నవారిని కొన్ని బలగాలు తీసుకోవు. నలభై దాటాక చదువుకు అద్దాలు ఎటూ తప్పకపోవచ్చు. చికిత్సకు ముందు కొలతల కాగితాలను భద్రపరచుకోవాలి. వృద్ధాప్యంలో శుక్లాల ఆపరేషన్ వేళ సరైన లెన్సు ఎంపికకు అవి అక్కరకొస్తాయి.