తమిళనాట పుట్టి తెలుగు బోధకుడైన అజరయ్య

మూకండపల్లిలో మనం ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడుకుంటాం. పిల్లలకు తెలుగు చదువెందుకని అడిగేవాళ్ళకు చెప్పాల్సిన చరిత్ర ఒకటుంది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పని వదిలి, 1909లో గురుపట్టం పొంది దోర్నకల్ వచ్చారు. అక్కడి జనానిది తెలుగు. ఆయన తెలుగు నేర్చుకుని, పల్లెలు తిరిగి ఆ భాషలోనే బోధించారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1945లో దోర్నకల్‌లోనే కన్నుమూశారు.

జనం భాష నేర్చుకునే ఆయన అంతటి కాపరిగా ఎదిగారు. పరాయి భాషను ఆయన అంత ఇష్టంగా నేర్చుకుంటే, అమ్మ భాషను మనం చేజేతులా పోగొట్టుకుందామా?