పాసిర్ రిస్ బడుల ఫలితాలు: ప్రవేశ స్కోరు దేనికి సాక్ష్యం?

సింగపూర్ తూర్పు కొసన ఉన్న పాసిర్ రిస్‌లో పిల్లలకు సెకండరీ బడి వెతికే తల్లిదండ్రులు ముందుగా చూసే అంకె ఒకటుంది. ఆరో తరగతి చివర రాసే పీఎస్‌ఎల్‌ఈలో ఎంత స్కోరు తెచ్చుకున్నవారికి కిందటేడు ఆ బడిలో సీటు దొరికిందన్నదే ఆ అంకె. దాన్నే బడి స్థాయిగా చెప్పుకోవడం పరిపాటి. ఈ వాడుక ఎంతవరకు నిలుస్తుందో అందుబాటులో ఉన్న ఆధారాలతో చూడవలసి ఉంది.

1. ముందుగా బడుల రకాల, పేర్ల సంగతి తేల్చుకోవాలి. ప్రభుత్వ సొమ్ముతో, సొంత పాలకవర్గంతో నడిచే అమెరికా చార్టర్ బడి (తొలి చట్టం మినెసోటాలో, 1991) అచ్చంగా అదే రూపంలో సింగపూర్‌లో లేదు. దానికి కొంత దగ్గరగా వచ్చేవి 1988లో మొదలైన ఇండిపెండెంట్ బడులు, మరికొంత దూరంగా ఎయిడెడ్ బడులు. పాసిర్ రిస్‌లోని హాయ్ సింగ్ క్యాథలిక్ స్కూల్ ఎయిడెడ్ కోవలోది. 'క్రెస్ట్' అన్న పేరుతో మాత్రం జాగ్రత్త అవసరం. 2013లో జురాంగ్ ఈస్ట్‌లో తెరిచిన క్రెస్ట్ సెకండరీ, అప్పటి నార్మల్ టెక్నికల్ విభాగపు విద్యార్థుల కోసం ప్రత్యేకించిన ఇండిపెండెంట్ బడి. పాసిర్ రిస్ క్రెస్ట్ సెకండరీ మామూలు ప్రభుత్వ బడి. ఒకదాని ఫలితాలను, విద్యార్థుల తీరును రెండోదానికి అంటగడితే అక్కడినుంచి లెక్కంతా తప్పుతుంది. 'మెరిడియన్' పేరుతోనూ ఇదే చిక్కు: అదే పట్టణంలో ఆ పేరు ప్రైమరీకి ఉంది, సెకండరీకి ఉంది, జూనియర్ కాలేజీకీ ఉండేది.

2. కాలక్రమంలో తెగిన చోట్లు కనిపిస్తాయి. మెరిడియన్ సెకండరీ 2017లో కోరల్, సిగ్లాప్ సెకండరీల విలీనంతో ఏర్పడింది. గ్రీన్‌వ్యూ, లోయాంగ్ బడులు కలిసి లోయాంగ్ వ్యూ అయ్యాయి. 2003లో మొదలైన మెరిడియన్ జూనియర్ కాలేజీ, టాంపినీస్ జూనియర్ కాలేజీతో 2019లో ఒకటైంది. ఆవరణ మాత్రం పాసిర్ రిస్‌దే మిగిలింది. ఈ కాలేజీల విలీనాన్ని 2017 ఏప్రిల్‌లో ప్రకటించినప్పుడు విద్యాశాఖ చూపిన కారణం జననాల తగ్గుదల: జూనియర్ కాలేజీ మొదటి ఏడాది చేరికలు 2010లో సుమారు 16,000 ఉండగా, 2019కి 12,800కు పడిపోతాయని అంచనా. కాబట్టి బడి మూతపడిందంటే చదువు చెడిందని అర్థం చేసుకోవడానికి ఇక్కడ ఆధారం లేదు. విలీనానికి ముందరి ఫలితాలను కొత్త పేరు ఖాతాలో వేయడానికీ అంతే.

3. ఫలితాల మాటకొస్తే, సెకండరీ బడుల ర్యాంకులు 1992 నుంచి అధికారికంగా వెలువడేవి. 2004లో వాటి స్థానంలో, ఫలితాలు దగ్గరగా ఉన్న బడులను ఒకే గుంపుగా చూపే బ్యాండ్లు వచ్చాయి, 2012లో అవీ పోయాయి. ర్యాంకుల ప్రకటనలతో పేపర్లు నిండే విజయవాడ, హైదరాబాద్ పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నదే ప్రవేశ స్కోరు.

ఈ స్కోరును బడి నిర్ణయించదు. సీట్లు నిండేసరికి చిట్టచివర చేరిన పిల్లవాడిదెంతో అదే హద్దుగా నమోదవుతుంది. ఆ ఏడాది ఎందరు ఆ బడిని కోరుకున్నారన్నదాన్ని బట్టి అది కదులుతుంది. పైగా అది బడిలో అడుగుపెట్టక ముందు రాసిన పరీక్ష. నాలుగేళ్లలో బడి ఏం నేర్పిందో దాన్నుంచి రాబట్టడం కష్టం. బ్యాండ్ల రోజుల్లో, చేరినప్పటి స్కోరుతో పోల్చి ఎంత మెరుగుపరిచారో చూసి బడులకు ఇచ్చిన గుర్తింపు ఈ ప్రశ్నకు ఎక్కువ దగ్గరిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. బడి చిన్నదైతే మరో ఇబ్బంది: నలభైమంది రాసిన పరీక్షలో ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత రెండున్నర శాతం పడుతుంది.

4. విద్యార్థుల కూర్పు గురించి మూడు రకాల ఆధారాలు దొరుకుతాయి. మూడూ పరోక్షమైనవే.

మొదటిది ఇళ్ల కేటాయింపు. 1989 మార్చి నుంచి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఇళ్లలో ఏ జాతివారు ఎంత శాతం దాటకూడదన్న పరిమితి అమలులో ఉంది. భారతీయులు, ఇతరులు కలిపి 2010 సవరణ తర్వాత పేటకు 12, బ్లాకుకు 15 శాతం. పాసిర్ రిస్ ప్రధానంగా హెచ్‌డీబీ పట్టణం కనుక, చుట్టుపక్కల పిల్లలు చేరే బడిలోనూ కొంత కలగలుపు ఉంటుందని ఊహించవచ్చు. సెకండరీ ప్రవేశం స్కోరును బట్టి జరుగుతుంది గనుక ఇది ఊహే.

రెండోది జాతులవారీ ఫలితాలు. విద్యాశాఖ వీటిని దేశం మొత్తానికి ప్రకటిస్తుంది. అందులో 'భారతీయులు' ఒకే గుంపు. తెలుగువారు, తమిళులు, పంజాబీలు అందరూ అందులోనే.

మూడోది మాతృభాష సబ్జెక్టు. తమిళంతోపాటు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలను మాతృభాషగా తీసుకునే వీలుంది. ఆ జాబితాలో తెలుగు లేదు. తెలుగింటి పిల్లలు హిందీనో తమిళాన్నో 'మాతృభాష'గా రాస్తారు గనుక, భాషా తరగతుల హాజరుపట్టీ ఎంత తిరగేసినా వాళ్ల సంఖ్య తేలదు.

ఈ మూడో అంశం కూర్పుతో ఆగక స్కోరునూ తాకుతుంది. 2021 నుంచి పీఎస్‌ఎల్‌ఈలో నాలుగు సబ్జెక్టులకూ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఏఎల్ స్థాయిలు. మొత్తం ఎంత తక్కువైతే అంత మేలు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి ఇంగ్లిషులో 4, లెక్కల్లో 5, సైన్సులో 5 వచ్చాయనుకుందాం. హిందీలో 45 మార్కులొస్తే ఏఎల్ 6. మొత్తం 20, నేరుగా మూడో పోస్టింగ్ గ్రూపు (స్కోరును బట్టి సెకండరీ సీట్ల కేటాయింపుకు వాడే మూడు గుంపుల్లో పైది). 44 వస్తే ఏఎల్ 7. మొత్తం 21, రెండు మూడు గ్రూపుల మధ్య ఎంచుకోవాలి. ఇంట్లో వినబడని భాషలో ఒక్క మార్కు తేడాకు ఇంత ఫలితం. చేరే బడి జాబితాలో మాత్రం ఆ ఒక్క పాయింటు చదువులో వెనకబాటుగానే కనిపిస్తుంది.

5. 2024లో ఎక్స్‌ప్రెస్, నార్మల్ విభాగాలను తీసేసి, సబ్జెక్టులవారీగా జీ1, జీ2, జీ3 స్థాయిలు తెచ్చారు. 2027 నుంచి ఓ, ఎన్ లెవెల్ పరీక్షల బదులు ఒకే సర్టిఫికెట్ పరీక్ష వస్తుంది. ఒకే విద్యార్థి లెక్కలు జీ3లో, భాష జీ2లో రాయగలిగినప్పుడు, పాత విభాగాలవారీ ఉత్తీర్ణత శాతాలను కొత్తవాటి పక్కన పెట్టడానికి కొలమానం మారిపోయినట్టే. పాసిర్ రిస్ బడుల్లో 2024లో చేరిన పిల్లలే ఆ కొత్త పరీక్ష మొదట రాసే తరం.