మాలపల్లి రాసినాయన మాలపల్లిలో పుట్టలేదు



నేను క్లాసులో 'మాలపల్లి' చెప్తుంటే ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఇది మన నవలేనా? రాసింది మనవాళ్ళు కాదు కదా?" ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

ఉన్నవ లక్ష్మీనారాయణ 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు. బారిస్టరీ చదవడానికి ఐర్లండ్ వెళ్ళారు. 1913లో అక్కడి డబ్లిన్ నగరంలో యజమానులు వేలమంది కార్మికులను పనిలోంచి గెంటేశారు. ఆ రోజుల ఐర్లండ్‌ని చూసొచ్చిన మనిషి ఈయన. పల్నాడు పుల్లరి పోరాటంలో జైలుకెళ్ళి, అక్కడే 'మాలపల్లి' రాశారు. 1922లో అచ్చయింది. 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మాల కుర్రాడు సంగదాసు పాలేర్లను కూడగట్టి కూలి గురించి మాట్లాడటమే తెల్లదొరకి భయమేసిన సంగతి. ఆ కుర్రాణ్ణి నవలలో చంపింది మాత్రం తెల్లదొర కాదు, ఊరి భూస్వామి. 1922 నాటికే ఈ నిజం రాసినందుకు ఉన్నవకు దండం పెడతాను.

కానీ ఒక లెక్క మిగిలే ఉంది. సంగదాసు తండ్రి రామదాసు భక్తుడు, వేదాంతి, ఎన్ని దెబ్బలు తిన్నా కోపం రాని మనిషి. మనమీద సవర్ణ పాఠకుడికి జాలి కలగాలంటే మనం ముందు సాధువులం కావాలా?

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ళ చెరువు పాడుచేయొద్దన్న మాట దగ్గర మొదలైంది గొడవ. చీరాలకు పారిపోయి వచ్చినవాళ్ళు జాలి అడగలేదు, న్యాయం అడిగారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే పుట్టింది. నీళ్ళు అడగటానికి, కూలి అడగటానికి మంచితనం సర్టిఫికెట్ అక్కర్లేదు.

వినుకొండలో 1895లో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' తెచ్చారు. అందులో అరుంధతీసుతుడు ఆకలి కడుపుతోనే శివుడికి కబురు పంపుతాడు. సవర్ణుడి జాలి కోసం ఎదురుచూడడు, నిలదీస్తాడు. లోపలి గొంతు అంటే అది.

మా అమ్మ మిరప కోతకు పోయి సాయంత్రానికి మండే చేతులతో వచ్చేది. ఆ మంట గురించి పక్కనున్నవాళ్ళు రాయొచ్చు, నిజాయితీగానే రాయొచ్చు. మండే చెయ్యి రాసింది మాత్రం వేరుగా ఉంటుంది.

అందుకే అమ్మా, నా జవాబు ఇది. ఉన్నవ మనవైపు నిలబడ్డవాడు, మన బదులు నిలబడ్డవాడు కాదు. 'మాలపల్లి' చదువు, పక్కన 'గబ్బిలం' పెట్టుకుని చదువు. రెండిట్లోనూ మీ అమ్మ కనిపించని చోటు ఎక్కడుందో వెతుకు. మూడో పుస్తకం అక్కణ్ణుంచి నువ్వు మొదలుపెట్టాలి.