సముద్ర వాతావరణ చక్రాలు – కమాన్‌పూర్ ప్రాంత వర్షపాతం

పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూర్ మండలంలోను, దాన్ని ఆనుకున్న రామగుండం–గోదావరిఖని బొగ్గు ప్రాంతంలోను వానాకాలం ఏడాదికో తీరుగా ఉండటానికి పసిఫిక్, హిందూ మహాసముద్రాల నీటి వేడిలో వచ్చే మార్పులు ఒక ప్రధాన కారణం. వీటిలో ముఖ్యమైనవి ఎల్‌నినో–లానినా, హిందూ మహాసముద్ర డైపోల్, మ్యాడెన్–జూలియన్ డోలనం. ఇవి సీజన్ మొత్తం మొగ్గును మార్చగలవు కాని, ఫలానా రోజు ఎంత వాన పడాలో నిర్ణయించలేవు.

వానల స్వభావం

కమాన్‌పూర్ గోదావరికి దక్షిణాన, సముద్ర తీరానికి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు మధ్య నైరుతి రుతుపవనాల వల్లే కురుస్తుంది. వాయవ్య బంగాళాఖాతంలో పుట్టి, ఒడిశా లేదా ఉత్తరాంధ్ర తీరం దాటి ఛత్తీస్‌గఢ్, విదర్భల వైపు సాగే అల్పపీడనాలు, వాయుగుండాలు ఇక్కడ ముసురు పట్టిస్తాయి. రుతుపవన ద్రోణి హిమాలయ పాదాల వైపు జరిగితే వానలు ముఖం చాటేస్తాయి. ఈశాన్య రుతుపవనాల వాటా స్వల్పం. అందువల్ల ఎల్‌నినో ఏళ్లలో అక్టోబరు తరువాత తమిళనాడుకు తరచు కలిసివచ్చే వానలు ఈ ప్రాంతపు లోటును పూడ్చలేవు.

ఎల్‌నినో, లానినా

మధ్య, తూర్పు పసిఫిక్ జలాలు మామూలు కన్నా వేడెక్కడం ఎల్‌నినో, చల్లబడటం లానినా. పెరూ జాలర్లు క్రిస్మస్ రోజుల్లో వచ్చే వేడి ప్రవాహాన్ని బాలయేసు పేరుతో పిలవగా ఎల్‌నినో అనే మాట పుట్టింది. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతి అయిన గిల్బర్ట్ వాకర్, రుతుపవనాలను ముందే పసిగట్టే ప్రయత్నంలో, పసిఫిక్‌కు ఒక పక్క వాయుపీడనం పెరిగితే మరో పక్క తగ్గుతుందని గుర్తించి దానికి సదరన్ ఆసిలేషన్ అని పేరు పెట్టాడు. 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ దాన్ని ఎల్‌నినోతో ముడిపెట్టాడు.

ఎల్‌నినో వచ్చినప్పుడు గాలి పైకి లేచి మేఘాలు కట్టే చోటు తూర్పుకు జరుగుతుంది. భారత ఉపఖండం మీద గాలి కిందికి దిగే ధోరణి పెరిగి రుతుపవనాలు నీరసిస్తాయి. లానినాలో దీనికి భిన్నంగా వానలకు అనుకూలత పెరుగుతుంది.

హిందూ మహాసముద్ర డైపోల్

1999లో ఎన్.హెచ్. సాజి, తోషియో యమగాటా బృందం దీన్ని వివరించింది. ఆఫ్రికా వైపు జలాలు వెచ్చగా, సుమత్రా వైపు జలాలు చల్లగా ఉంటే అది పాజిటివ్ దశ. ఈ దశ సాధారణంగా రుతుపవనాలకు మేలు చేస్తుంది, ఎల్‌నినో దెబ్బను కొంత కాస్తుంది. 1997లో ఎల్‌నినో చాలా బలంగా ఉన్నా, డైపోల్ పాజిటివ్‌గా ఉన్న ఆ ఏడాది దేశ వర్షపాతం సగటులో 102 శాతం నమోదైంది. 2009 ఎల్‌నినో ఏడాదిలో అది 78 శాతానికి పడిపోయింది.

మ్యాడెన్–జూలియన్ డోలనం

1971లో గుర్తించిన ఈ మేఘాల అల 30–60 రోజుల్లో భూమధ్యరేఖ వెంట తూర్పుగా సాగుతుంది. ఇది హిందూ మహాసముద్రం మీదికి వచ్చినప్పుడు అల్పపీడనాలు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఒకే సీజన్‌లో కొన్ని వారాలు ముసురు, కొన్ని వారాలు ఎండ ఉండటానికి గల కారణాల్లో ఇదొకటి.

ఇటీవలి అనుభవం

2014లో దేశ వర్షపాతం సగటులో 88 శాతం, బలమైన ఎల్‌నినో నడిచిన 2015లో 86 శాతం. వరుసగా రెండేళ్ల లోటుతో హైదరాబాద్‌కు నీరిచ్చే సింగూరు, మంజీరా అడుగంటాయి. 2015 చివర్లో మొదలైన గోదావరి పథకం కింద, రామగుండం సమీపంలోని శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నుంచి వచ్చిన నీరే నగరాన్ని ఆదుకుంది. ఎల్లంపల్లి సామర్థ్యం సుమారు 20 టీఎంసీలు. దానికి చేరే వరద స్థానిక వానతో పాటు ఎగువన మహారాష్ట్రలో పడే వాన మీద కూడా ఆధారపడుతుంది.

2020–22 మధ్య లానినా వరుసగా మూడేళ్లు కొనసాగింది. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్ల సామర్థ్యాన్ని మించిన వరద వచ్చింది. మంచిర్యాల, మంథని పట్టణాల్లోకి గోదావరి నీళ్లు చేరాయి.

2023 ఎల్‌నినో ఏడాది. అయినా జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసి తెలంగాణలో రికార్డయింది. వెనువెంటనే వచ్చిన ఆగస్టు, 1901 తరువాత దేశంలో అతి పొడి ఆగస్టు.

సాగు, గనులు

మృగశిర, ఆరుద్ర కార్తెల వానకు పత్తి గింజ వేస్తారు. ఆ తరువాత వాన మొహం చాటేస్తే మొలక మాడి, మళ్లీ విత్తాల్సి వస్తుంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింది పొలాలకు ఎగువ నీరు కొంత ఆసరా. ఓపెన్‌కాస్ట్ గనులకు కష్టం ఇంకో వైపు నుంచి వస్తుంది: ముసురు పడితే డంపర్లు నడిచే దారులు బురదమయమవుతాయి, మట్టి తొలగింపు ఆగుతుంది, అడుగున నిలిచిన నీటిని పంపులతో తోడాలి. రైతు ఎదురుచూసే వానే బొగ్గు ఉత్పత్తిని తగ్గిస్తుంది.

ముందస్తు అంచనా

భారత వాతావరణ శాఖ ఏప్రిల్‌లో తొలి రుతుపవన అంచనా ఇచ్చి, మే నెలాఖరులో సవరిస్తుంది. సముద్ర సమాచారాన్ని సేకరించే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. మార్చి–మే నెలల్లో పసిఫిక్ పోకడ తేల్చుకోవడం శాస్త్రజ్ఞులకు అన్నిటికన్నా కష్టం. రైతులు వానకాలం విత్తనం కొనడానికి సిద్ధమయ్యేదీ ఆ రోజుల చివర్లోనే. అందుచేత విత్తే సమయానికి సీజన్ అంచనా కన్నా, బంగాళాఖాతంలో అల్పపీడనాల మీద వారం వారం వెలువడే సమాచారమే ఎక్కువగా అక్కరకొస్తుంది.