పనిగంటల పద్దు: కనీసవేతన చట్టముల చరిత్రము



మన సంఘీయులలో బియ్యపుమిల్లులు, నూనెమిల్లులు, పొగాకు కొట్లు, అంగళ్లు నడుపుచు పదిమందికి పని కల్పించువా రనేకులు గలరు. చిట్టా ఆవర్జాలు వ్రాయుటలో మనవారికి పేరున్నది. వడ్లబస్తా యొక్కటి యెవరి గిడ్డంగికి చేరినదో, ఎవరియొద్ద నెంత రావలసియున్నదో పైసలతో సహా చెప్పగలరు. అట్టివారినే, “నిన్న మీ పనివా డెన్ని గంటలు పనిచేసెను?” అని యడిగినచో మేస్త్రీ ముఖము చూతురు. కనీసవేతనమును గూర్చియు, అదనపు గంటల కూలిని గూర్చియు మన యజమానులకు గలుగు చిక్కులలో పెక్కులు దురాశవలన గాక, ఈ యొక్క పద్దు లేకపోవుటవలననే కలుగుచున్నవని మా యభిప్రాయము. ఈ పద్దు చట్టములోని కెట్లు వచ్చెనో తెలియుటకు కొంత పూర్వచరిత్రము చెప్పవలసియున్నది.

మనదేశమున చట్టము మొదట గంటలను పట్టుకొనెను. కూలిని చాలకాలము ముట్టలేదు. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టము 7 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదనియు, 12 ఏండ్లలోపువారిచే దినమునకు 9 గంటలకు మించి చేయింపరాదనియు శాసించినదే గాని పెద్దవారి మాట యెత్తలేదు. 1891లో స్త్రీలకు 11 గంటల మేర యేర్పడెను. 1911లో బట్టలమిల్లుల పురుషులకు 12 గంటలని విధించిరి. 1922లో వారమునకు 60 గంటలు, అటుపై చేసిన పనికి మామూలు కూలిపై నాలుగవవంతు అదనము. 1934లో 54 గంటలకు దిగెను. కాని పత్తి జిన్నింగు, చక్కెర మొదలగు ఋతుకర్మాగారములకు 60 గంటలు విడిచిరి. 1948 చట్టముతో వారమునకు 48, దినమునకు 9 గంటలు నిలిచి, మించిన గంటకు రెట్టింపు కూలి స్థిరపడెను.

ఈ రెట్టింపును మనవారు కొందరు పనివానికిచ్చు బహుమానముగా తలంతురు. అది సరికాదు. అలసినవానిచే మరల చేయించుట యజమానునికి బరువు కావలెను, దానికంటె మరియొకనిని పనిలో చేర్చుకొనుటే మేలని తోపవలెను. ఇదియే దాని లోని యూహ.

కూలి సంగతి వేరు. విట్లీ యధ్యక్షతను 1929లో నియమింపబడిన రాయల్ కమీషను 1931లో నివేదిక సమర్పించెను. దాని ఫలముగా 1936లో వేతనముల చెల్లింపు చట్టము పుట్టెను. వేయిమందికి తక్కువ పనివారుగల చోట 7వ దినము లోపల కూలి చెల్లింపవలెను; జరిమానా రూపాయకు అర్ధణా మించరాదు. ఎట్లు ఈయవలెనో యిన్ని విధముల చెప్పిన యీ చట్టము, ఎంత యీయవలెనో చెప్పలేదు. ఆ లోపమును తీర్చుటకు డాక్టరు అంబేద్కరు 1946 ఏప్రిలులో బిల్లును ప్రవేశపెట్టెను. అది 1948 మార్చి 15న కనీసవేతనముల చట్టమై యమలునకు వచ్చెను. దాని మొదటి పట్టికను చదివినచో మన జిల్లాలే కన్నులకు గట్టును: బియ్యపుమిల్లులు, నూనెమిల్లులు, బీడీలతోగూడ పొగాకు, అభ్రకము, తోళ్లు, వ్యవసాయము. కూలివారు సంఘముగా కూడి బేరమాడలేని వృత్తులే ప్రధానముగ నందు చేరినవి.

యజమానులు రెండు వాదములు చేసిరి. “మేమంత ఈయజాలము” అనునది మొదటిది. “తక్కువకు పనివారే యొప్పుకొనిరి” అనునది రెండవది. అజ్మీరులోని బిజయ్ కాటన్ మిల్లు, ప్రభుత్వము విధించిన నెలకు 56 రూపాయలు తమకు భారమనియు, 35 రూపాయలకే పనివారు సిద్ధముగ నున్నారనియు సుప్రీముకోర్టుకు పోయెను. కోర్టు 1954లో చట్టమునే సమర్థించెను. కేరళలోని పెంకుల కర్మాగారముల వ్యాజ్యమున 1961లో నదే కోర్టు, కనీసవేతనమును నిర్ణయించునపుడు యజమాని స్తోమతు ప్రశ్నయే కాదని తేల్చెను. హక్కును వదలుకొను నొడంబడిక చెల్లదని చట్టమే 25వ సెక్షనున చెప్పియుండెను. నష్టములో నున్న మిల్లుదారునకు ఇది కఠినమే. అయినను మిల్లు నష్టమును తీర్చువాడు కూలివాడు కారాదు గదా.

మూడవ వాదము మనవారిలో నేటికిని వినబడుచున్నది: “మేము మేస్త్రీకి పూర్తిగ నిచ్చితిమి, అత డేమి చేసెనో మాకు తెలియదు.” 1982 నాటి ఏషియాడు కట్టడపు పనులలో జరిగిన దిదియే. దినమునకు 9 రూపాయల 25 పైసలు కనీసకూలి. నడుమనున్న జమాదారులు తలకొక రూపాయి మిగుల్చుకొనగా పనివానికి 8 రూపాయల 25 పైసలు చేరుచుండెను. ఆ యొక్క రూపాయికై వ్యాజ్యము సుప్రీముకోర్టు కెక్కెను. జస్టిస్ భగవతి 1982 సెప్టెంబరున తీర్పు చెప్పుచు, కనీసకూలికి తక్కువిచ్చి చేయించుకొనిన పని రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన వెట్టియే యగునని నిర్ణయించెను. కంట్రాక్టరు నడుమ నున్నాడని అసలు యజమాని తప్పించుకొన వీలులేదనియు చెప్పెను. ముఠామేస్త్రీచేతికి మొత్తము నిచ్చి చేతులు దులుపుకొనువారు ఈ తీర్పును మరువరాదు.

1936, 1948 చట్టముల స్థానమున 2019 నాటి వేతనముల కోడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. రెట్టింపు మాత్రము మారలేదు. ఉదాహరణమునకు 8 గంటల దినమునకు 480 రూపాయల కూలియైనచో గంటకు 60. అదనముగ రెండు గంటలు చేసినచో 240 రూపాయలు వేరుగ నీయవలెను. ధరలసూచిని బట్టి కరువుభత్యము మారుచుండును గావున, నిరుటి రేటుకే కూలి యిచ్చువాడు తెలియకయే తక్కువ యిచ్చినవాడగును. అందుచే రేటుల పట్టికను సంఘకార్యాలయమున నుంచి, చిన్న యజమానులకు మస్టరుపుస్తకము వ్రాయుట నేర్పు గుమాస్తా నొకని నేర్పరచుట యవసరమని మేము తలంచుచున్నాము.

కూలి తక్కువయ్యెనని పనివాడు ఫిర్యాదు చేయుటకు మునుపు 6 నెలలు గడువుండెను. ఇపుడు 3 సంవత్సరములు. పూర్తిగ చెల్లించితినని నిరూపించు భారము యజమానునిదే. నిరూపింపలేనిచో తగ్గిన మొత్తముగాక దానికి పదిరెట్లవరకు పరిహారము విధింపవచ్చును. తనిఖీ యధికారికి నేడు సలహా యిచ్చుటయు విధిగా నున్నది. యజమాని యడిగి తెలిసికొనవచ్చును. పుస్తకములు వ్రాయకపోవుటవంటి లోపములకు ప్రాసిక్యూషనుకు ముందు సరిదిద్దుకొన గడువిచ్చుట కలదు. అయిదేండ్లలో నదే లోపము మరల కనబడినచో ఆ గడువు లేదు.